మన కాలనీ పక్కన యూనివర్సిటీ స్టేడియం మళ్లీ కడుతున్నారు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో యూనివర్సిటీ మైదానం ప్రహరీని ఆనుకుని ఉన్న వీధుల్లో కాపురం ఉండేవాళ్ల కోసం రాసింది ఇది. పాత గ్యాలరీ కూల్చి, మట్టి ట్రాక్ తీసేసి కొత్త స్టేడియం కడతారన్న మాట వచ్చినప్పటి నుంచి పాలప్యాకెట్ల అంగడి దగ్గరా, పొద్దున నడకలోనూ, ఆఖరికి పెళ్లి భోజనాల్లోనూ ఇవే అనుమానాలు. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి చేరేసరికి మారిపోతోంది. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, దేనికది విడిగా చదువుకునేట్టు రాశాను. స్టేడియం రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కాకపోతే మనకూ వాళ్లకూ కుదిరే మాట ఏదైనా సరే, గోడ కూలకముందే కాగితం మీదికి రావాలి. పని సగంలో ఉండగా ఎవరి మాటా ఎవరూ వినరు.

## పని మొదలు కాకముందు

ఊరి బయట ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) స్టేడియం ఉంది కదా, ఇళ్ల మధ్య ఇంకొకటి ఎందుకు?

ఆర్డీటీ మైదానం గొప్పది, అందులో రెండో మాట లేదు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. కానీ రోజూ తెల్లవారుజామున అయిదింటికి పరిగెత్తే పిల్లవాడు ఆటో చార్జీ పెట్టుకుని అంత దూరం పోలేడు. ఇక్కడికి వచ్చేది హాస్టల్ పిల్లలు మాత్రమే కాదు. కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం వైపు పల్లెల నుంచి వచ్చి, మన వీధుల్లోనే గదులు అద్దెకు తీసుకుని కానిస్టేబుల్, అగ్నివీర్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కావలసింది 1600 మీటర్ల పరుగు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద సరిగ్గా నాలుగు రౌండ్లు. ఇప్పుడున్న ట్రాక్ రెండో వంపులో ఒక గుంత ఉంది. చీకట్లో కాలు పడకుండా ఎవరో దాని అంచున ఒక ఇటుక నిలబెట్టి సున్నం పూశారు. వాన పడ్డాక సున్నం పోతే మళ్లీ ఎవరో ఒకరు పూస్తారు. ఆ పిల్లల కోసమైనా ఈ మైదానం బాగుపడాలి.

స్థలం యూనివర్సిటీది. అడగడానికి మనమెవరం?

స్థలం వాళ్లదే. దుమ్ము, చప్పుడు, వాననీళ్లు, బండ్ల రద్దీ మాత్రం గోడ దాటి మన వైపు వస్తాయి. వీటిలో ప్రతిదానికీ ఒక చట్టమో నియమమో ఉంది. పైగా ప్రభుత్వ విశ్వవిద్యాలయం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. కాబట్టి బతిమాలాల్సిన పని లేదు, గొడవ పడాల్సిన పని అంతకన్నా లేదు.

ప్లాన్ చూడాలంటే ఎవరి దగ్గరికి పోవాలి?

ముందు రిజిస్ట్రారు పేరున కాలనీ తరఫున ఒక అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఇంజినీరింగ్ విభాగంలో కూర్చోబెట్టి చూపిస్తే మంచిదే. చూపించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "గేటు మా వీధిలోకి ఎందుకు పెట్టారు?" అని అడుగుతారు. ఈ చట్టం కింద వాళ్ల దగ్గర ఉన్న కాగితాలు ఇస్తారు గానీ సంజాయిషీలు ఇవ్వరు. అందుకే కాగితాల పేర్లు పెట్టి అడగండి: సైట్ ప్లాన్, నేల మట్టాల డ్రాయింగు, వాననీటి కాలువల డ్రాయింగు, లైటు స్తంభాలు ఎక్కడెక్కడ వస్తాయో చూపే డ్రాయింగు, కాంట్రాక్టు ఒప్పందం నకలు, చెట్ల అనుమతి, శిథిలాల తరలింపు ప్రణాళిక.

ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, అప్పుడు చెప్తే సరిపోదా?

దానికోసం ఎదురుచూడకండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో భవన నిర్మాణాలకు బహిరంగ విచారణ తప్పనిసరి కాదు. పర్యావరణ అనుమతి అన్న మాట వచ్చేది కూడా కట్టడం వైశాల్యం 20,000 చదరపు మీటర్లు దాటితేనే. ఆకాశం కింద ఉండే ట్రాక్, గడ్డి మైదానం ఆ లెక్కలోకి రావు. కాబట్టి సమావేశం మనమే అడగాలి. కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ అర్జీ ఇచ్చి, యూనివర్సిటీ, నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టమని కోరవచ్చు.

ట్రాక్ మా గోడ దాకా వస్తుందంటున్నారు. కొంచెం అటు జరపమని అడగొచ్చా?

కొలతలు చూస్తే మీకే అర్థమవుతుంది. 400 మీటర్ల ట్రాక్‌లో రెండు నేరు భాగాలు 84.39 మీటర్ల చొప్పున, రెండు వంపులు 36.50 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటాయి. ఒక్కో లేను 1.22 మీటర్లు. ఎనిమిది లేన్లకు ఇంచుమించు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు నేల కావాలి. పొద్దున, సాయంత్రం ఎండ కళ్లలో పడకుండా దాని పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. అందువల్ల మన మైదానం లాంటి చోట ట్రాక్‌ను జరపమనడం వృథా. జరపగలిగినవి వేరే ఉన్నాయి: గ్యాలరీ ఏ వైపు రావాలి, గేటు ఎటు తెరవాలి, జనరేటర్ ఎక్కడ పెట్టాలి, మరుగుదొడ్లు ఎవరి కిటికీ కింద రాకూడదు. మన బలమంతా వీటి మీద పెట్టాలి.

పని మొదలయ్యేలోపు మన ఇంట్లో చేసుకోవలసింది ఏమైనా ఉందా?

ఉంది. అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే. మూడేళ్ల కిందట మా వీధిలో కాలువ తవ్వినప్పుడు మా దేవుని గది గోడ మీద పగులు వచ్చింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి వేలితో తడిమి, "ఇది పాతదే సార్" అని వెళ్లిపోయాడు. పని మొదలవక ముందు తీసిన ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. గోడ నేనే బాగు చేయించుకున్నాను.

ప్రతి గది గోడలు, మిద్దె, ప్రహరీ, నీళ్ల సంపు లోపలి వైపు ఫోటోలు తీయండి. ఉన్న పగులు పక్కన స్కేలు పెట్టి, ఆ రోజు పేపరు కనపడేట్టు తీయండి. పగులుకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముద్ద బొటనవేలంత వెడల్పున రాసి, దాని మీద తేదీ వేయండి. పగులు కదిలితే ఆ ముద్ద చీలుతుంది, సాక్ష్యం అదే. ఇవన్నీ ఒక కాపీ యూనివర్సిటీకి ఇచ్చి, అందినట్టు రాయించుకోండి. ఇరుపక్షాలూ కలిసి ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటే ఇంకా మంచిది. ఒప్పందంలో ఇది కాంట్రాక్టరు బాధ్యతగా పెట్టమని అడగాలి.

గోడ వెంట ఉన్న వేపచెట్లు కొట్టేస్తారా?

ఊరికే కొట్టడానికి లేదు. నీరు, భూమి, చెట్ల కోసం ఉన్న వాల్టా చట్టం, 2002 కింద అనుమతి తీసుకోవాలి, బదులుగా మొక్కలు నాటాలి. ఏ చెట్లు పోతాయో నంబర్లు వేసి చూపించమని అడగండి. గోడ వెంట వరస నిలిస్తే దుమ్ముకూ లైట్లకూ అది మనకు తెర.

## కూల్చేటప్పుడు

మా అమ్మకు ఉబ్బసం. ఆ దుమ్ములో ఎట్లా ఉండాలి?

కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో అనంతపురం ఉంది. అంటే మన గాలిలో దుమ్ము ఇప్పటికే ఎక్కువని ఒప్పుకున్నట్టే. 2018లో పర్యావరణ పరిరక్షణ నియమాలకు చేసిన సవరణ ప్రకారం ఇలాంటి ఊళ్లలో నిర్మాణ స్థలం చుట్టూ గాలి అడ్డుతెర ఉండాలి, నీళ్లు చల్లాలి, మట్టి, ఇసుక, కంకర కప్పకుండా వదలకూడదు, బండలు ఆరుబయట కోయకూడదు, లారీ మీద పట్ట కట్టాలి. కూల్చడానికి ముందు తడపడం, కూలుస్తున్నంతసేపూ తడపడం రెండూ కావాలి. అంతా పడిపోయాక ట్యాంకర్ తెచ్చి లాభం లేదు.

ఆషాఢం గాలులు మనకు తెలుసు. మిద్దె మీద ఆరేసిన దుప్పటి పక్క వీధిలో పడుతుంది. ఆ నెలల్లో కూల్చివేత పెట్టుకోవద్దని రాతపూర్వకంగా అడగాలి. ఇంట్లో మైదానం వైపు కిటికీలు మూసి, చీపురుతో ఊడ్వడం మాని తడిగుడ్డతో తుడవండి. అమ్మగారి ఇన్‌హేలర్ అందుబాటులో ఉంచండి, డాక్టరును ముందే ఒకసారి కలవండి. కూల్చివేత జోరుగా సాగే వారం ఆమెను బంధువుల ఇంట్లో ఉంచగలిగితే అంతకన్నా మేలు లేదు.

గ్యాలరీ మీద పాత సిమెంటు రేకులున్నాయి. వాటితో ప్రమాదమా?

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కదిలించనంతవరకూ పెద్దగా భయం లేదు. పగలగొడితే కంటికి కనపడని నూగు గాలిలో కలుస్తుంది, ఊపిరితిత్తులకు చేటు. సుత్తితో కొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించాలి. ముక్కలు ఎవరూ కోళ్లగూటికో స్నానాల గదికో తెచ్చుకోవద్దు. పిల్లలను అటు పోనివ్వకండి.

ఆ శిథిలాలన్నీ ఎక్కడ పోస్తారు?

వంకలో (వాగులో) పోస్తారేమోనన్నదే అందరి భయం, అది న్యాయమైన భయం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. మంచాల ఎత్తున నీళ్లలో జనం రాత్రంతా ఎట్లా గడిపారో ఈ ఊరు మరిచిపోలేదు. వంక గట్టున ఒక్క ట్రాక్టర్ మట్టి పోసినా ఊరుకోకూడదు.

2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు రోజుకు 20 టన్నులు గానీ, నెలకు 300 టన్నులు గానీ దాటే పనికి ముందే ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోమన్నాయి. కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-గార అని నాలుగు కుప్పలుగా వేరు చేయమన్నాయి. ఆ పద్ధతే ఇక్కడా పాటించాలి. లారీ నంబరు, పోసిన చోటు రాసే పుస్తకం గేటు దగ్గర ఉండాలి. పాత మెట్లకు పరిచిన కడప బండలు మాత్రం బయటికి పోనివ్వొద్దు. నాలుగు తరాల పిల్లలు కూర్చుని నునుపు చేసిన బండలవి. నడకదారి పక్కన బెంచీలుగా వేస్తే మళ్లీ కొనే పని ఉండదు.

రాత్రిపూట కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ నడిపితే ఆపించగలమా?

ఆపించవచ్చు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. ముందు సైట్ ఇంజినీరుకు ఫోన్ చేయండి. వినకపోతే 112కు చేయండి. టైము, తేదీ కనపడేట్టు వీడియో తీసి ఉంచుకోండి.

## కట్టేటప్పుడు

రోలర్ తిరిగితే ఇల్లంతా అదురుతుందట, నిజమేనా?

నిజమే. చాలామంది కూల్చివేతకు భయపడతారు గానీ, గోడలకు ఎక్కువ అదురు వచ్చేది ట్రాక్ అడుగున కంకర పొరలు గట్టిపరిచే వైబ్రేటరీ రోలర్‌తో. పాత్రల అలమరలో గ్లాసులు గలగలమంటాయి. ప్రహరీకి దగ్గరి పట్టీలో వైబ్రేషన్ ఆపేసి, బరువుతోనే ఎక్కువసార్లు తిప్పవచ్చు, లేదా చిన్న రోలర్ వాడి పలచటి పొరలుగా వేయవచ్చు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఈ షరతు ముందే పెట్టించాలి. ఆ రోజుల్లో గోడ మీద ప్లాస్టర్ ముద్దలు పొద్దున, సాయంత్రం చూసుకోండి.

మైదానం ఎత్తు పెంచితే వాననీళ్లన్నీ మా వీధిలోకే వస్తాయా?

నా దృష్టిలో మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. మన జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. తక్కువే. కానీ అది పడేటప్పుడు నాలుగు నెలలు నింపాదిగా పడదు, రెండు మూడు రాత్రుల్లో కుమ్మరిస్తుంది.

ఇన్నాళ్లూ ఎర్రమట్టి మైదానం కొంత నీటిని తాగేది, కొంత గుంతల్లో నిలబెట్టేది. కొత్తగా వేసే, రబ్బరు లాంటి పొర ఉన్న సింథటిక్ ట్రాక్ అడుగున తారు పొర ఉంటుంది, చుక్క ఇంకదు. లెక్క చూడండి. ట్రాక్, రెండు చివర్ల అర్ధచంద్రాలు, దూకే దారులు కలిపి 6,500 చదరపు మీటర్లు అనుకుందాం. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద నిలిచే నీళ్లు 3,25,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 65 వరసగా వచ్చి మీ వీధి మొదట్లో వాల్వు తిప్పేసినట్టు. గ్యాలరీ కప్పు, పార్కింగ్ సిమెంటు నేల దీనికి అదనం.

ట్రాక్ అడ్డంగా లోపలి వైపు నూటికి ఒకటి వాలుతో వేస్తారు, లోపలి అంచు వెంట కాలువ తిరుగుతుంది. కాబట్టి ట్రాక్ మీది నీళ్లు ఒకచోట చేరడం ఖాయం. తేల్చుకోవలసింది అక్కడి నుంచి ఎటు పోతాయన్నది. డ్రాయింగులో మూడు చూడండి. మీ వీధి రోడ్డు మట్టం కన్నా ట్రాక్ మట్టం ఎంత ఎత్తు? కాలువ చివర ఏ మురుగుకాల్వలో కలుస్తుంది, ఆ కాల్వ ఇప్పటికే వానకు పొంగేదా? ఇంకుడు గుంతలు ఎన్ని, ఎంత లోతు? మన నేలలో ఇంకుడు గుంతలు బాగా తీస్తే ఈ నీళ్లే మన బోర్లకు బలం. వీధిలోకి వదిలితే 2022 మళ్లీ మన గడపలోకి వస్తుంది.

గడ్డికి నీళ్లు పెట్టీ పెట్టీ మా బోర్లు ఎండగొడతారా?

ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్లు, 68 మీటర్లు. అంటే 7,140 చదరపు మీటర్ల గడ్డి. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున తడిపినా 35,700 లీటర్లు, ఏడు ట్యాంకర్లు. దీనికోసం కొత్త బోరు వేస్తామంటే ఒప్పుకోకండి. హాస్టళ్ల వాడకం నీళ్లు శుద్ధి చేసి గడ్డికి పెట్టమనండి. ఆ నీళ్లు ఎట్లాగూ రోజూ వస్తూనే ఉంటాయి.

పునాది గుంతల్లో నీళ్లు నిలిస్తే దోమలు?

డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే మన ఇళ్లలో పాటించినట్టే సైట్‌లోనూ వారానికోసారి గుంతలు, డ్రమ్ములు, క్యూరింగ్ తొట్లు ఖాళీ చేయించాలి. వార్డు సచివాలయంలో చెప్తే మలేరియా విభాగం వాళ్లు వస్తారు.

కూలీల గుడిసెలు మా ఇళ్ల ముందే వేస్తారా?

మైదానం లోపలే వేయాలి, అది కాంట్రాక్టరు పని. తాగునీళ్లు, మరుగుదొడ్లు, ఆడవాళ్లకు విడిగా స్నానాల గదులు లేకపోతే ఆ ఇబ్బంది ముందు పడేది వాళ్లు, తర్వాత మనం. 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1996 ఇవన్నీ ఇవ్వమంది. 50 మందికి మించి ఆడకూలీలుంటే పసిపిల్లల గది కూడా పెట్టమంది. ఇక్కడా అవే అడగాలి. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు కూలీ సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మీ ఇంటి దగ్గర నీళ్లడగడానికి వచ్చేవాళ్లకు ఈ మాట చెప్పండి, చాలామందికి తెలియదు.

పిల్లలు స్కూలుకు పోయే టైములో లారీలు వస్తే?

పొద్దున 8 నుంచి 9:30 వరకు, సాయంత్రం 4 నుంచి 5:30 వరకు లారీలు ఆపమని అడగండి. మూల మీద జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి.

## తెరిచాక

పొద్దున వాకింగ్‌కు మమ్మల్ని రానిస్తారా?

అడిగి రాయించుకుంటేనే. చాలాచోట్ల సింథటిక్ ట్రాక్ పడగానే గేటుకు తాళం పడుతుంది. వాళ్ల బాధా నిజమే. ఆ పొర మందం దాదాపు 13 మిల్లీమీటర్లే. హీల్స్, సైకిళ్లు, ఒకే లేన్లో రోజూ వందల అడుగులు పడితే ముందు చెడేది మొదటి లేను. అందుకే మనం ట్రాక్ అడక్కూడదు. ట్రాక్ బయట, చెట్ల కింద మట్టి నడకదారి అడగాలి. మోకాళ్లకు అదే మంచిది, ఎండాకాలం సింథటిక్ కన్నా చల్లగానూ ఉంటుంది. కానిస్టేబుల్ పరీక్షల పిల్లలకు మాత్రం పొద్దున రెండు గంటలు ట్రాక్ మీదికే పాసులిచ్చి రానివ్వాలి. స్పైకులు (అడుగున మేకులుండే బూట్లు) వేసుకునేవాళ్లకు ఆ మేకు 9 మిల్లీమీటర్లు దాటకూడదని చెప్పి ఉంచాలి.

ఫ్లడ్‌లైట్లు పడకగదిలో పడతాయేమో?

స్తంభం పొట్టిగా ఉంటే మనకు మంచిదనుకుంటారు, జరిగేది తలకిందులు. పొట్టి స్తంభం మీది దీపాన్ని మైదానం అవతలి దాకా వెలుగు పడాలని పైకెత్తి పెడతారు, అది నేరుగా మన కిటికీలో పడుతుంది. ఎత్తైన స్తంభం మీద దీపం ముఖం కిందికే ఉంటుంది. కాబట్టి ఎత్తు తగ్గించమని కాకుండా, దీపాలకు వెనక వైపు మూతలు పెట్టమనీ, ముఖం కిందికి తిప్పమనీ అడగండి. రోజువారీ సాధనకు మ్యాచ్ రోజంత వెలుగు అక్కర్లేదు. సగం దీపాలు విడిగా వెలిగే స్విచ్చు, టైమర్ ఉంటే సరి. లైట్లు బిగించిన రాత్రే మీ గదిలో నిలబడి చూసి చెప్పండి, నిచ్చెన దించేశాక తిప్పించడం కష్టం.

మ్యాచ్ రోజు మా గేటు ముందు బండ్లు పెట్టేస్తే?

పార్కింగ్ క్యాంపస్ లోపలే ఉండాలి, ప్రేక్షకుల గేటు మెయిన్ రోడ్డు వైపే తెరవాలి. మన వీధి వైపు ఉండాల్సింది ఒక్కటే, ఆపద గేటు. ఆ గేటు ఉండాలని మనమే పట్టుబట్టాలి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అన్ని ప్రాణాలూ గేట్ల దగ్గరే పోయాయి. మన పిల్లలూ ఆ గ్యాలరీలోనే కూర్చుంటారు కాబట్టి బయటికి దారులు ఎక్కువ ఉండాలి, ఆ దారిలో మన కార్లు కూడా నిలపకూడదు. 108 బండి వీధి చివరిదాకా ఆగకుండా రావాలి.

మైకులు ఎంతవరకు పెట్టుకోవచ్చు?

నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు లేదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం 12 దాకా ఇవ్వగలిగేది ఏడాదికి 15 రోజులే. స్పీకర్లు గ్యాలరీ వైపు తిప్పి, చిన్నవి ఎక్కువ పెడితే మాట స్పష్టంగా వినపడుతుంది, మనకూ బాధ తగ్గుతుంది.

చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు లోపలికి పోగలరా?

పోగలగాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ఆ ఏర్పాట్లు లేని ప్లానుకు అనుమతే ఇవ్వకూడదు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి. డ్రాయింగులో అది చూడండి, మరుగుదొడ్డి తలుపు వెడల్పూ చూడండి.

చిన్నపిల్లలు సాయంత్రం ఆడుకునే చోటు పోతుందా?

ఇప్పుడు వాళ్లు గ్యాలరీ వెనక ఆడుతున్నారు, అది పోతుంది. కానీ ట్రాక్ గుండ్రటి అంచులున్న ఆకారం, స్థలం నలుచదరం. నాలుగు మూలలు మిగిలి తీరతాయి. మామూలుగా వాటిలో జనరేటర్, మరుగుదొడ్లు, సామాన్ల గది, ట్రాన్స్‌ఫార్మర్ వస్తాయి. ఆగ్నేయ మూల మన వీధి కొసకు ఎదురుగా ఉంది, అక్కడ రెండు పెద్ద వేపచెట్లున్నాయి. ఆ మూలలో ఏమీ కట్టకుండా, మట్టి నేలగానే వదిలి, వీధి వైపు చిన్న గేటు పెట్టమని కొలతలతో సహా అర్జీ రాసి ఉంచాను. సంతకాల కాగితం పాలప్యాకెట్ల అంగడిలో ఉంది. పిల్లల పేర్లు కూడా రాయించండి.